ఎక్స్‌రే అద్దాలపై ప్రోటాన్ పరీక్ష: ట్యూబింగన్ అమరిక ఎలా ఉంది?

1999లో చంద్ర అబ్జర్వేటరీ (నాసా ఎక్స్‌రే అంతరిక్ష టెలిస్కోప్) భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ వలయాలు దాటుతుండగా తక్కువ శక్తి ప్రోటాన్లు అద్దాల మీద చెదిరి, లోపలి సీసీడీలను (చిత్రం తీసే సెన్సర్ చిప్‌లను) దెబ్బతీశాయి. ఎక్స్‌రేల కోసం చేసిన అద్దం ప్రోటాన్లకూ దారి చూపింది! ఎన్ని చెదురుతాయో నమూనా లెక్కలతో తేలదు, కొలవాలి. జర్మనీలోని ట్యూబింగన్ విశ్వవిద్యాలయ యాక్సిలరేటర్ (కణాలకు వేగమిచ్చే యంత్రం) దగ్గరి అమరిక ఆ పనికి గట్టిదే.

పరీక్షించింది ఈరోసిటా అనే అంతరిక్ష ఎక్స్‌రే టెలిస్కోప్ అద్దపు ముక్కను, అంటే నికెల్ మీద బంగారు పూతను. ప్రోటాన్ల శక్తులు సుమారు 250, 500, 1000 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. లోహపు రేకు గుండా పంపి శక్తి తగ్గిస్తారు. దాంతో శక్తి కొంత చెల్లాచెదురవుతుంది, అది సర్దుకోవచ్చు.

అసలు చిక్కంతా ప్రోటాన్ల బీమ్‌కూ అద్దానికీ మధ్య కోణంతోనే. 0.3 డిగ్రీల దగ్గర 1 మిల్లీమీటరు మందపు బీమ్ అద్దం మీద దాదాపు 190 మిల్లీమీటర్ల పొడవున పరుచుకుంటుంది. ముక్క పొట్టిదైతే మిగతాది అద్దాన్ని తాకకుండానే ముందుకు పోతుంది. చెదిరిన ప్రోటాన్ల శిఖరం మీటరు దూరంలో నేరు బీమ్‌కు 10 మిల్లీమీటర్ల పక్కనే ఉంటుంది, కాబట్టి బీమ్‌ను సన్నగా చేసే కొలిమేటర్ అంచుల నుంచి వచ్చే దొంగ లెక్కలు సులువుగా కలిసిపోతాయి. అద్దం తీసేసి ఒకసారి కొలవని డేటాను నమ్మకండి. బీమ్ ప్రవాహం నిలకడగా ఉండదు, పర్యవేక్షణ డిటెక్టర్ తప్పనిసరి.

లోటు ఒకటుంది: 2015లో ప్రచురించిన ఫలితాల్లో 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పరిసరాల శక్తులు లేవు, సీసీడీలకు ఎక్కువ చేటు అక్కడే. ఈ అంకెలను ఇరిడియం పూత సిలికాన్ అద్దాలకు యథాతథంగా వాడొద్దు.