బైబిల్ స్టడీ సాఫ్ట్‌వేర్ చందా: ఎవరికి గిట్టుబాటు, ఎవరికి దండగ

బైబిలు అధ్యయనానికి వాడే లోగోస్ సాఫ్ట్‌వేర్ 2024 అక్టోబరులో చందా పద్ధతిలోకి వచ్చింది. అంతకుముందు సిల్వర్, గోల్డ్, ప్లాటినం అంటూ ప్యాకేజీ ఒకసారి కొంటే అందులోని పుస్తకాలు ఖాతాలో ఉండిపోయేవి. ఇప్పుడు ప్రీమియం, ప్రో, మ్యాక్స్ అని మూడు అంచెలు. నెలకో ఏడాదికో కడుతూనే ఉండాలి. కట్టాలా వద్దా అన్నది మీరు వాక్యం ముందు కూర్చుని ఎలాంటి ప్రశ్నలు వేస్తారన్న దాన్ని బట్టే తేలుతుంది.

ముందు ఉచితంగా దొరికేది ఎంతో చూడాలి. కేంబ్రిడ్జ్‌లోని టిండేల్ హౌస్ వాళ్ల స్టెప్ బైబిల్, బ్లూ లెటర్ బైబిల్, విండోస్‌లో ఇ-స్వోర్డ్, ఆండ్రాయిడ్‌లో మైస్వోర్డ్. ఇవి నాలుగూ రూపాయి అడగకుండానే స్ట్రాంగ్స్ నంబర్లు (ఒక్కో మూలపదానికి ఇచ్చిన వరుస సంఖ్యలు), గ్రీకు, హీబ్రూ మూలపదాలు, పాతకాలపు వ్యాఖ్యానాలు చూపిస్తాయి. డబ్బు కట్టే ప్యాకేజీల ప్రకటనల్లో కనిపించే 'ఇన్ని వందల పుస్తకాలు' అన్న అంకెలో ఈ పాతవాటి వాటా తక్కువేం కాదు. మాథ్యూ హెన్రీ వ్యాఖ్యానం, 1890 నాటి స్ట్రాంగ్స్, 1889 నాటి థేయర్ గ్రీకు నిఘంటువు ఎక్కడైనా ఉచితమే. జాబితాలోంచి అలాంటివన్నీ కొట్టేసి, మిగిలిన పేర్లలో మీరు నిజంగా తెరిచేవి ఎన్నో లెక్కపెట్టండి. చాలామందికి ఆ సంఖ్య పది దాటదు.

ఒక ఉదాహరణ. యోహాను 21:15-17లో యేసు పేతురును మూడుసార్లు అడుగుతాడు. 'ప్రేమిస్తున్నావా' అనడానికి గ్రీకులో మొదటి రెండుసార్లు అగపావో అన్న క్రియ, మూడోసారి ఫిలెయో. పేతురు జవాబు మూడుసార్లూ ఫిలెయోయే. అనువాదంలో రెండూ 'ప్రేమించు' అయిపోతాయి కాబట్టి, అగపావో అంటే దైవిక ప్రేమ, ఫిలెయో అంటే స్నేహం అని ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది. ఇది నిజమో కాదో తేల్చడానికి చందా అక్కర్లేదు. ఉచిత సాధనంలో అగపావో మీద నొక్కితే దాని స్ట్రాంగ్స్ నంబరు 25, ఫిలెయోది 5368 అని వస్తుంది. ఆ రెండు నంబర్లనూ యోహాను సువార్త వరకే పరిమితం చేసి వెతకండి. తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడన్న మాట 3:35లో అగపావోతో, 5:20లో ఫిలెయోతో వచ్చిందని కనిపిస్తుంది. తర్వాత 2 తిమోతి 4:10 చూడండి: పౌలును విడిచిపోయిన దేమా ఇహలోకాన్ని ప్రేమించిన ప్రేమకు వాడిన పదం అగపావోయే, అదేం దైవిక ప్రేమ కాదు. ఐదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. మీ ప్రశ్నల్లో నూటికి తొంభై ఇలాంటివే అయితే చందా దండగ.

ఇక డబ్బు ఎక్కడ పనికొస్తుందో చూద్దాం. మత్తయి 28:19లో 'మీరు వెళ్లి' అన్నది ఆజ్ఞా, లేక 'వెళ్తూ ఉండగా' అని మాత్రమేనా అన్న వాదన పాతదే. గ్రీకులో అక్కడ ఆజ్ఞార్థకం ఒక్కటే, 'శిష్యులనుగా చేయుడి'. 'వెళ్లి' అన్నది అసమాపక క్రియ. దీన్ని తేల్చాలంటే మత్తయిలో ఇదే వరుస, అంటే ఎయొరిస్ట్ (పనిని మొత్తంగా చెప్పే గ్రీకు రూపం) పార్టిసిపుల్ ('వెళ్లి' లాంటి అసమాపక క్రియ), దాని వెంటనే ఎయొరిస్ట్ ఆజ్ఞార్థకం, ఇంకెక్కడెక్కడ ఉందో చూడాలి. ఇక్కడ పదాన్ని కాదు, వ్యాకరణ రూపాల క్రమాన్ని వెతుకుతున్నాం. ఒక్కో పదం వ్యాకరణాన్ని ఉచిత సాధనాలూ చూపిస్తాయి కానీ, 'ఈ రూపం తర్వాత ఐదు పదాల లోపు ఆ రూపం' అన్న షరతుతో వెతకడం చాలావాటిలో కుదరదు. మంచి పెయిడ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క వరుసలో అడిగితే 2:8, 2:13, 9:13, 11:4, 28:7 వచ్చి ముందు నిలబడతాయి. 2:13లో 'లేచి శిశువును తీసుకొని పో' అని యోసేపుతో అన్నప్పుడు లేవడం అతని ఇష్టానికి వదిలేసినట్టు కాదు కదా. తెలుగులో 'వెళ్లి తలుపు వెయ్యి' అంటే వెళ్లడం కూడా ఆజ్ఞలో భాగమే. మన క్త్వార్థకం ('వెళ్లి', 'లేచి' లాంటి రూపం) ఆ గ్రీకు నడకను ఇంగ్లీషు కంటే బాగా పట్టుకుందనిపిస్తుంది. ఇలాంటి వెతుకులాట వారానికి రెండు మూడుసార్లు చేసేవాళ్లకు చందా గిట్టుబాటే.

రెండో సంగతి నిఘంటువులు. ఉచితంగా దొరికే థేయర్ వచ్చిన నాటికి ఈజిప్టు పపైరస్‌ల (రెల్లు కాగితాల రాతప్రతుల) నుంచి తేలిన వాడుక గ్రీకు ఇంకా పండితుల చర్చలోకి రాలేదు. అందుకే మామూలు జనం ఉత్తరాల్లో, పద్దుల్లో వాడుకున్న మాటల్ని కూడా అది కేవలం బైబిలు పదాలుగా చూపిస్తుంది. హీబ్రూకు ఉచితంగా దొరికే బీడీబీ (BDB) నిఘంటువు 1906 నాటిది. సిరియాలోని ప్రాచీన నగరం ఉగరిత్‌లో, హీబ్రూకు దగ్గరి భాషలో రాసిన పలకలు బయటపడింది 1929లో. ఆ భాషతో పోల్చి చూస్తేగానీ తేలని హీబ్రూ పదాల దగ్గర బీడీబీ తడబడుతుంది. వీటికి బదులుగా గ్రీకుకు వాడే బీడాగ్ (BDAG) నిఘంటువు మూడో ముద్రణ 2000లో వచ్చింది, హీబ్రూకు హాలట్ (HALOT) ఉంది. ఈ రెండూ ఖరీదైనవే. కానీ మెలిక ఏమిటంటే, ఇవి చందాలో ఉంటాయని అనుకోవద్దు. మీరు ఎంచుకున్న అంచెలో ఉన్నాయో లేదో పేరుపేరునా చూసుకోండి. లేకపోతే చందా కడుతూ మళ్లీ విడిగా కొనాలి. అలా విడిగా కొన్న పుస్తకం మాత్రం మీ సొంతం. చందా ఆపినా ఉచిత యాప్‌లో తెరుచుకుంటుంది.

లంకె పడ్డ వ్యాఖ్యానాల వల్ల సమయం కలిసొస్తుంది. వచనం మారిస్తే పక్కనున్న ఐదు వ్యాఖ్యానాలూ అదే వచనానికి జరుగుతాయి. ఈ లంకె ఎక్కడ తెగుతుందో కూడా తెలిసి ఉండాలి. కీర్తన 51కి హీబ్రూలో శీర్షికే రెండు వచనాలు, కాబట్టి ఇంగ్లీషులో 1వ వచనం అక్కడ 3వది. సెప్టువజింట్‌లో, అంటే పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదంలో, అదే కీర్తన 50. ఇంగ్లీషులో నాలుగు అధ్యాయాలున్న మలాకీ హీబ్రూలో మూడే. యిర్మీయాలో అయితే గ్రీకు అధ్యాయాల వరుసే వేరు. ఈ పొంతన సరిగ్గా కుదర్చని సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని పక్క వచనానికి తీసుకెళ్లి నిలబెడుతుంది. మీరు గమనించకుండా అక్కడి పదం అర్థాన్నే రాసుకుంటారు. ట్రయల్‌లో మొదట పరీక్షించాల్సింది కీర్తన 51నే.

మూలపదాల ట్యాగింగ్, అంటే అనువాదంలోని మాటకు దాని గ్రీకు, హీబ్రూ పదాన్ని జతచేయడం, ప్రతి అనువాదానికీ ఉండదు, ఎక్కువగా ఇంగ్లీషు అనువాదాలకే ఉంటుంది. తెలుగు వచనం మీద నొక్కితే గ్రీకు పదం వస్తుందన్న ఆశతో చందా కట్టకండి. పక్క కిటికీలో ట్యాగింగ్ ఉన్న ఇంగ్లీషు అనువాదం తెరిచి రెండూ కలిపి నడపాలి.

కృత్రిమ మేధతో నడిచే సారాంశాలు, ప్రసంగ సహాయకాలు ఇప్పుడు ప్రకటనల్లో ముందుంటున్నాయి. వాటి కోసమే చందా కడతానంటే నేను వద్దంటాను. పుస్తకాలన్నిటిలో అర్థాన్ని బట్టి వెతికే సదుపాయం మాత్రం పనికొచ్చేదే, కానీ జవాబు కింద ఇచ్చిన పుస్తకం పుట తెరిచి చూడకుండా ఏ వాక్యాన్నీ నోట్స్‌లోకి ఎత్తుకోవద్దు.

మొదటిసారి ఇన్‌స్టాల్ చేసినప్పుడు పుస్తకాలు దిగడానికి, ఆ తర్వాత ఇండెక్స్ తయారవడానికి గంటలు పట్టవచ్చు. ఆ లోపు వెతుకులాట అరకొరగా వచ్చి, సాఫ్ట్‌వేరే బాగోలేదనిపిస్తుంది. రాత్రి ఛార్జర్ పెట్టి వదిలేయండి. ఫోన్ యాప్‌లో కంప్యూటర్‌లో ఉన్నంత వెతుకులాట ఉండదు. ఫోన్ మీదే చదివేవాళ్లు పై అంచెకు డబ్బు పోయడం అనవసరం.

సంస్థలూ శాశ్వతం కావు. ఏళ్ల తరబడి మూలభాషల వాళ్ల మొదటి ఎంపికగా ఉన్న బైబిల్‌వర్క్స్ 2018 జూన్‌లో మూతపడింది. వర్డ్‌సెర్చ్ 2020లో లోగోస్ వాళ్ల చేతికి వెళ్లింది. కాబట్టి చేరే ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా తెలుసుకోండి. ఆపేసిన రోజున ఏ పుస్తకాలు మూసుకుపోతాయి? ఏ ఫీచర్లు మిగులుతాయి? నా నోట్స్ మామూలు ఫైలుగా బయటికి వస్తాయా? హైలైట్లు ఆయా పుస్తకాలకు అతుక్కుని ఉంటాయి, పుస్తకం మూసుకుపోతే రంగులూ కనిపించవు. నోట్స్‌ను మూడు నెలలకోసారి వర్డ్ ఫైలుగా ఎగుమతి చేసి దాచుకోండి.

ట్రయల్ ఇలా వాడండి. వచ్చే రెండు వారాల్లో మీరు ఎలాగూ బోధించాల్సిన భాగాన్ని తీసుకుని, దాని మీద ఐదు ప్రశ్నలు ముందే కాగితం మీద రాయండి. మొదట స్టెప్ బైబిల్‌లో జవాబులు వెతికి, ఎంతసేపు పట్టిందో పక్కన రాయండి. తర్వాత అవే ప్రశ్నలు పెయిడ్ దాంట్లో. ఉచితంగా దొరకని జవాబు ఐదింట్లో రెండైనా అక్కడ దొరికితే చేరండి, అదీ కింది అంచెలో. లేకపోతే రెండేళ్ల చందా మొత్తాన్ని లెక్కగట్టి, ఆ సొమ్ముకు బీడాగ్, మీరు బోధించే పుస్తకం మీద ఒక మంచి వ్యాఖ్యానం విడిగా వస్తాయేమో చూడండి. సాధారణంగా వస్తాయి. ట్రయల్‌కు కార్డు ఇచ్చి ఉంటే, గడువుకు రెండు రోజుల ముందుకు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆటో రెన్యువల్ ఆపే మీట యాప్‌లో కనిపించకపోతే వెబ్‌సైట్‌లో ఖాతా పేజీలో చూడండి.