నువ్వుగింజంత ట్రాన్సిస్టర్, వారం రోజుల తిప్పలు

విమానాలు తామెక్కడున్నాయో 1090 మెగాహెర్ట్జ్ మీద చెప్పుకుంటూ పోతాయి. ఉప్పల్‌లో మా మేడ మీద యాంటెన్నా కట్టి, శంషాబాద్‌లో దిగేవాటిని ల్యాప్‌టాప్‌లో చూడటం నా సరదా. తంటా అంతా గదికి దించిన 15 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్‌తోనే. ఈ ఫ్రీక్వెన్సీలో సిగ్నల్‌లో సుమారు పదో వంతే కిందికి చేరుతుంది. అందుకే యాంటెన్నా మొదట్లోనే చిన్న యాంప్లిఫయర్ పెడదామని బీఎఫ్ఆర్ 93ఏ అనే ట్రాన్సిస్టర్ కొన్నాను.

ముందు ఆన్‌లైన్‌లో పది తెప్పించాను. పైన 'ఆర్2' గుర్తుంది, మల్టీమీటర్‌తో చూస్తే బాగానే ఉన్నాయి. ఎఫ్ఎం స్టేషన్లను చక్కగా పెంచాయి కానీ 1090 దగ్గర ఉలుకూ పలుకూ లేదు. మామూలు ట్రాన్సిస్టర్‌కే ఆ గుర్తు వేసి అంటగట్టారని నా అనుమానం. చివరికి కోఠి గుజరాతీ గల్లీకి పోయాను. షాపు పెద్దాయన నా గోడు విని, "గివి తీస్కపో, నడ్వకపోతే వాపస్ తే" అంటూ రీల్ నుంచి ఐదు కత్తిరించి ఇచ్చాడు. ఒక్కోటి 25 రూపాయలు. అదే బోర్డులో మార్చి చూస్తే గెయిన్ వచ్చింది, అంటే సిగ్నల్ బలం పెరిగింది!

వచ్చింది గానీ, కుదురు లేదు. మామూలు ట్రాన్సిస్టర్ బీసీ 547 పరుగు 300 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతే, దీనిది 6 గిగాహెర్ట్జ్. అంత చురుకైనదానికి, బేస్, కలెక్టర్, ఎమిటర్ అనే మూడు కాళ్లలో ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కు సెంటీమీటరు తీగ వేశాను, తప్పు నాదే. దానంతటదే ఆసిలేట్ అవుతోంది, అంటే బయటి సిగ్నల్ లేకున్నా తనే సిగ్నల్ పుట్టిస్తోంది. వేలు దగ్గరికి తెస్తే చాలు, 5 వోల్టులుండాల్సిన కలెక్టర్ 3కి జారేది. మూడు రాత్రులు ఇదే టెన్షన్. ఎమిటర్ పక్కనే రంధ్రం చేసి, తీగ ముక్క దూర్చి బోర్డు కింద గ్రౌండ్‌గా ఉన్న రాగి పొరకు అతికించి, బేస్‌కు వరుసగా 10 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాక దారికొచ్చింది. 9 వోల్టుల సప్లై, కలెక్టర్‌కు 390 ఓమ్‌లు, కలెక్టర్ నుంచి బేస్‌కు 39 కిలో ఓమ్‌లు. 10 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటోంది. 35 దాకా తట్టుకుంటుంది కాబట్టి వేడి బాధ లేదు.

ఇంతకుముందు సాయంత్రాలు ఆరేడు విమానాలు కనపడితే గొప్ప. ఇప్పుడు ఇరవై దాటుతున్నాయి.

ఎఫ్ఎం మైకు చేసుకునేవాళ్లకు ఇది అనవసరం, బీసీ 547 చాలు. కళ్లజోడు, సన్న పట్టకారు లేకుండా ముట్టుకోకండి. నావాటిలో ఒకటి పట్టకారు నుంచి ఎగిరి పప్పులు ఆరబెట్టిన చాపలో పడింది, ఇంకా దొరకలేదు.