బెంజ్ సర్కిల్ దగ్గర జాబ్ కన్సల్టెన్సీ: ఉద్యోగం ఇప్పించారు, అయినా రెండు స్టార్లే

ముందే చెప్పేస్తా, వీళ్ళు ఫేక్ కాదు. డబ్బులు కట్టించుకుని ఫోన్ ఎత్తకుండా ఎగ్గొట్టే బాపతు కాదు, నాకు నిజంగానే ఉద్యోగం ఇప్పించారు, అదీ తొమ్మిది రోజుల్లో. మరి రెండు స్టార్లే ఎందుకంటే ఆ ఉద్యోగం ఎట్టాంటిదో, అందులో జనం ఎందుకు నిలవరో వీళ్ళకి మనకన్నా బాగా తెలుసు, తెలిసే పంపిస్తారు. పేరు రాయట్లేదు, బెజవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఇట్టాంటివి చాలానే ఉన్నాయి, ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలిద్ది.

నాది గుంటూరు, బీకాం కంప్యూటర్స్. 2024 జూన్‌లో వెళ్ళా. కింద జిరాక్స్ షాపు, పైన రెండో ఫ్లోర్‌లో ఆఫీసు, మెట్ల మీదే ఓ పాతికమంది ఫైళ్ళు పట్టుకుని నిలబడున్నారు, సగం మంది బీటెక్ వాళ్ళే. రిజిస్ట్రేషన్ 500. రసీదు అడిగితే వాట్సాప్‌లో ఓ మెసేజ్ పెట్టారు, అదే రసీదంట. వెరిఫికేషన్‌కి ఒరిజినల్స్ తెమ్మన్నారు. కింద జిరాక్స్ తీయించుకుంటుంటే ఆ షాపు పెద్దాయన నా మొహం కూడా చూడకుండా, మిషన్ మూత వేస్తూ, "ఒరిజినల్స్ మాత్రం ఇవ్వబాకు అబ్బాయ్" అన్నాడు. ఇవ్వలా. పైన వాళ్ళూ పెద్దగా గొడవ చేయలా, జిరాక్స్ కాపీలతోనే సరిపెట్టుకున్నారు. ఆ పెద్దాయనకి మాత్రం ఐదు స్టార్లు.

కౌన్సెలర్ అమ్మాయి బాగా మాట్లాడిద్ది. "బ్యాంక్ జాబ్ అండీ, రిలేషన్‌షిప్ ఆఫీసర్, 2.4 లక్షల ప్యాకేజీ, ఏసీ ఆఫీసు" అంది. బ్యాంక్ అనగానే మా అమ్మ సాయంత్రానికల్లా వీధి మొత్తం చెప్పేసింది. తమాషా ఏంటంటే ఆ అమ్మాయి చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. బ్యాంక్ పనే, కాకపోతే నేను ఆఫ్‌రోల్, అంటే జీతమిచ్చేది మధ్యలో ఉన్న ఇంకో ఏజెన్సీ, బ్యాంక్ లెక్కలో నేను లేను. ఏసీ ఆఫీసే, కాకపోతే అందులో కూర్చునేది పొద్దున 9 నుంచి 9:40 దాకా మీటింగ్‌కి, ఆ తర్వాత బండెక్కి ఎండలో ఆటోనగర్. బెజవాడ ఎండ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది.

ఇక ప్యాకేజీ. 2.4 లక్షలంటే నెలకి 20 వేలు అనుకుంటాం కదా, నా లెక్క రాస్తా, ఫ్రెషర్స్‌కి పనికొచ్చిద్ది. అందులో 2,500 వేరియబుల్, టార్గెట్ కొడితేనే. బేసిక్ 10 వేలు, దాని మీద కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, 1,200, అదీ మన ప్యాకేజీలోంచే. గ్రాట్యుటీ అని 481, ఇదో పెద్ద జోకు, ఐదేళ్ళు చేస్తే గానీ చేతికి రానిది, మా టీంలో అందరికన్నా సీనియర్‌కి పద్నాలుగు నెలలు. తర్వాత ఈఎస్ఐ, అంటే ఆస్పత్రి ఖర్చుల బీమా, అందులో కంపెనీ వాటా 3.25 శాతం. ఇవన్నీ పోగా మిగిలిన 15,300 చిల్లరలో మళ్ళీ మన వాటా పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 115, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150. అకౌంట్లో పడింది 13,856. హాస్టల్‌కి 6 వేలు, పెట్రోల్ లీటరు 110 దగ్గరుంటే రోజుకో లీటరు, ఇంక మీరే వేసుకోండి. పీఎఫ్, ఈఎస్ఐ కట్టడం తప్పనట్లేదు, అవి కూడా కట్టని చోట్లు బోలెడున్నాయి, కాకపోతే ఈ లెక్క 500 తీసుకున్న రోజే ఓ కాగితం మీద వేసి చూపించొచ్చుగా.

పనేంటంటే నెలకి 12 కరెంట్ అకౌంట్లు తెరిపించాలి, పైన రెండు ఇన్సూరెన్స్ పాలసీలు. మొదటి వారం ఆటోనగర్‌లో ఓ లారీ స్పేర్‌పార్ట్స్ షాపుకెళ్ళి ఓనర్‌కి విజిటింగ్ కార్డ్ ఇచ్చా. ఆయన గ్రీజు చెయ్యి తుడుచుకుని కార్డు తీసుకుని, టేబుల్ మీద అద్దం కొంచెం పైకెత్తి దాని కిందకి తోశాడు. అక్కడ అప్పటికే మూడు కార్డులున్నాయి. అదే బ్యాంక్, అదే బ్రాంచి, అదే రిలేషన్‌షిప్ ఆఫీసర్, పేర్లే వేరు. నాది నాలుగోది. "ఉగాదికి ముందు వచ్చినతను మానేశాడా, మంచోడు పాపం" అని టీ చెప్పాడు. టీ తాగా, అకౌంట్ గురించి ఎత్తా. "రేపు ఏదన్నా తేడా వస్తే నువ్వుండవుగా బాబూ, నేనెవర్ని అడగాలి?" అన్నాడు. దానికి ఏం చెప్పాలో నాకు ఏడు నెలలైనా తెలీలా. సోమవారం మీటింగుల్లో మాకు స్కిల్ లేదని తిట్టేవాళ్ళు గానీ అసలు సంగతి ఆ అద్దం కిందుంది, మనుషులు మారిపోతుంటారని షాపులోళ్ళు నమ్మరు, నమ్మక అకౌంట్లు ఇవ్వరు, అకౌంట్లు రాక ఇంకొకడు మానేస్తాడు, వాడి సీట్లోకి ఇంకో కార్డు ప్రింటైద్ది.

సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది కదా, మా టీంలో ఒకడిల్లు అక్కడే. ఇంట్లో నడుంలోతు నీళ్ళు, వాళ్ళ నాయనమ్మని పడవలో బయటికి తెచ్చారు. నాలుగో తారీఖున గ్రూపులో మేనేజర్ మెసేజ్, ఈ నెల ఇప్పటిదాకా లాగిన్స్, అంటే కొత్త అకౌంట్ల అప్లికేషన్లు, జీరో ఎందుకని. ఒక్కళ్ళు కూడా రిప్లై పెట్టలా, సింగ్ నగర్ వాడి ఫోన్ అసలు స్విచ్చాఫ్. మేనేజర్‌ని పూర్తిగా అనడానికీ లేదు, ఆయనకి హైదరాబాద్ నుంచి గంటకో ఫోన్, డిసెంబర్‌లో ఆయనే మానేశాడు. సింగ్ నగర్ వాడు దసరా దాకా కూడా ఆగలా. నేను జనవరిలో.

ఇప్పుడు కన్సల్టెన్సీ సర్వీస్ గురించి. చేరిన రోజు నుంచి కౌన్సెలర్ అమ్మాయి వారం వారం ఫోన్. ఎలా ఉందండీ, తిన్నారా, తొందరపడి మానేయకండి, ఒక్క మూడు నెలలు చూడండి. మా అక్క కూడా అన్ని ఫోన్లు చేయదు. వరదల్లో కూడా చేసింది, నాకు నిజంగా ముచ్చటేసింది. సెప్టెంబర్ నెలాఖరు నుంచి ఒక్క ఫోన్ లేదు. మనం చేస్తే బిజీ.

ఎందుకో ఆ అమ్మాయే చెప్పింది తర్వాత. మార్చిలో బందర్ రోడ్డులో ఓ మొబైల్ షోరూంకి వెళ్తే కౌంటర్ వెనక ఆమే ఉంది, తనూ మానేసిందంట. కన్సల్టెన్సీలో తన జీతం 11 వేలు, నెలకి 15 జాయినింగులు టార్గెట్. మనిషికింతని కన్సల్టెన్సీకి కంపెనీ ఫీజు ఇచ్చిద్ది, మామూలుగా ఏడాది ప్యాకేజీలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం, నా మీద 20 వేలకి కాస్త తక్కువ. అయితే 90 రోజుల్లోపు మనం మానేస్తే వాళ్ళు ఇంకో మనిషిని ఫ్రీగా ఇవ్వాలి, దాన్ని రీప్లేస్‌మెంట్ అంటారు. 91వ రోజు మానేస్తే అదే సీటుకి మళ్ళీ కొత్త ఫీజు. "మీరు రెండేళ్ళున్నా మాకేం రాదండీ, నాలుగో నెల్లో మానేస్తేనే ఆఫీసుకి మంచిది" అని నవ్వేసి, వెంటనే "సారీ అండీ" అంది. ఎందుకో కోపం రాలా. ఆమె చేతే టెంపర్డ్ గ్లాస్ వేయించుకుని వచ్చా. రెండు స్టార్లలో ఒకటి ఆ అమ్మాయిదే.

మానేశాక వీళ్ళ సాయం సున్నా. నోటీస్ పీరియడ్ 30 రోజులూ చేసినా రిలీవింగ్ లెటర్‌కి రెండు నెలలు తిప్పించుకున్నారు, కన్సల్టెన్సీకి చేస్తే హెచ్ఆర్‌ని అడగండి అన్నారు, హెచ్ఆర్‌కి చేస్తే ఆ మేడం మానేశారన్నారు. పీఎఫ్‌లో ఎగ్జిట్ డేట్ కూడా వేయలా. దానికి వాళ్ళ కాళ్ళు పట్టుకోనక్కర్లేదు, ఆఖరి నెల పీఎఫ్ పడ్డాక రెండు నెలలు ఆగి యూఏఎన్ (మన పీఎఫ్ నంబర్) పోర్టల్‌లో మార్క్ ఎగ్జిట్‌లో మనమే వేసుకోవచ్చు, ఆధార్‌కి లింకైన ఫోన్‌కి ఓటీపీ వచ్చిద్ది, నేనట్టానే చేశా.

వెళ్ళొద్దనట్లేదు. ఇంట్లో ఖాళీగా కూర్చుని ప్రతి పెళ్ళిలో "ఏం చేస్తున్నావురా" అనిపించుకోవడం కన్నా నయమనే నేనూ వెళ్ళా. ఆన్‌రోలా ఆఫ్‌రోలా అడగండి, చేతికెంతో రాయించుకోండి, ఆ సీట్లో ఈ ఏడాది ఎంతమంది చేశారో కూడా అడగండి, ఈ ఆఖరిదానికి మాత్రం టాపిక్ మార్చేస్తారు. బండి మాత్రం ఆఫీసు కింద రోడ్డు మీద పెట్టకండి.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే మొన్న వీళ్ళ నుంచి మళ్ళీ ఫోన్. కొత్త గొంతు. బ్యాంక్ జాబ్ అండీ, రిలేషన్‌షిప్ ఆఫీసర్, 2.4 ప్యాకేజీ, ఏసీ ఆఫీసు. ఏ బ్రాంచి అని అడిగా, చెప్పింది. "అమ్మా, ఆ సీట్లోంచే నేను లేచొచ్చా" అన్నా. ఓ రెండు సెకన్లు సౌండ్ లేదు. తర్వాత "అయితే మీకు ఎక్స్‌పీరియన్స్ ఉన్నట్టేగా అండీ" అంది. పాత క్యాండిడేట్‌ని కాబట్టి ఈసారి రిజిస్ట్రేషన్ 300కే చేస్తారంట.