డూమ్‌స్క్రోలింగ్, బ్రెయిన్ రాట్: ఏ మాట మేలు?

మొన్న రాత్రి ఒంటిగంటకి మా మేనల్లుడు దుప్పట్లో ఫోన్ పెట్టుకుని వరద వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి బొటనవేలితో పైకి తోస్తూనే ఉన్నాడు. పడుకోరా అంటే "బ్రెయిన్ రాట్ అత్తా, ఆపలేకపోతున్నా" అన్నాడు. బ్రెయిన్ రాట్ అంటే పనికిరానివి చూసీ చూసీ మెదడు మొద్దుబారడం. వాడు చేస్తున్నది డూమ్‌స్క్రోలింగ్, చెడ్డ వార్తలే ఆపకుండా చూస్తూ పోవడం. రెండూ రెండేసి మాటలు అతికించినవే, కానీ పుట్టుకలు వేరు.

బ్రెయిన్ రాట్‌ని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు 2024 సంవత్సరపు మాటగా ఎంచారు కాబట్టి కొత్తదనుకుంటాం గానీ, 1854లోనే అమెరికన్ రచయిత థోరో తన వాల్డెన్ అనే పుస్తకంలో వాడాడు. అప్పటికి కొన్నేళ్ళ ముందే ఐర్లాండులో బంగాళాదుంపల పంట కుళ్ళిపోయి లక్షల మంది పోయారు. దుంపల కుళ్ళుకి మందు వెతుకుతున్నారు సరే, మెదడు కుళ్ళుని ఎవరూ పట్టించుకోరేం అని ఆయన బాధ. బ్రెయిన్, రాట్ రెండూ ఇంగ్లిష్‌కి సొంత మాటలే, మన వ్యాకరణం ప్రకారం ఆచ్ఛిక సమాసం అన్నమాట.

డూమ్‌స్క్రోలింగ్ మిశ్రమం, ఒకటి సొంత మాట, ఒకటి అరువు మాట. డూమ్ అంటే పాత ఇంగ్లిష్‌లో తీర్పు. 1086లో విలియం రాజు ఇంగ్లండులో చాలావరకు భూములకి లెక్క రాయిస్తే, అందులో రాసినదానికి ఇక తిరుగులేదని జనం దాన్ని డూమ్స్‌డే బుక్ అన్నారు. ప్రళయకాలపు తీర్పు అనే అర్థం మీదుగా చివరికి డూమ్‌కి సర్వనాశనం అనే అర్థం వచ్చింది. స్క్రోల్ ఫ్రెంచి వైపు నుంచి వచ్చింది, చుట్టిపెట్టిన తోలుపత్రం. కంప్యూటర్ తెర మీద అక్షరాలు ఆ చుట్ట విప్పినట్టు జరుగుతాయని అదే మాట క్రియగా మారింది. చుట్ట ఎంత పొడుగైనా ఎక్కడో చివర వస్తుంది, ఫోన్ తెరకి రాదు. 2020 కరోనా రోజుల్లో కరెన్ హో అనే జర్నలిస్టు రాత్రిళ్ళు ట్విట్టర్‌లో ఇక డూమ్‌స్క్రోలింగ్ ఆపండి, పడుకోండి అని గుర్తుచేస్తూ ఉండడంతో ఈ మాట ఇంకా పాకింది.

నా ఓటు డూమ్‌స్క్రోలింగ్‌కే. అర్థంపర్థం లేని రీల్స్‌కి బ్రెయిన్ రాట్ సరిపోతుందేమో, ఒప్పుకుంటాను. కానీ పదహారేళ్ళ పిల్లాడు తన బుర్ర కుళ్ళిపోయిందని తనే అనుకుంటుంటే నాకు మనసొప్పదు. కుళ్ళినదాన్ని బాగుచెయ్యలేం. డూమ్‌స్క్రోలింగ్ మనిషికి పెట్టిన పేరు కాదు, వేలు చేసే పనికి పెట్టిన పేరు, వేలిని ఆపొచ్చు. వాడికి ఈ తేడా చెప్పి ఫోన్ తీసుకెళ్ళి హాల్లో ఛార్జింగ్‌కి పెట్టాను, ఏమీ అనలేదు.