బ్లూ నోట్ రికార్డులు: పాత ప్రెస్సింగా, టోన్ పోయెటా?

జాజ్ రికార్డుల కంపెనీ బ్లూ నోట్ మాట ఎత్తితే చాలు, అందరూ అడిగేది ఒకటే: "ఒరిజినల్ ప్రెస్సింగ్ కోసం డబ్బు కూడబెట్టమంటారా, టోన్ పోయెట్ కొనుక్కుని హాయిగా వినమంటారా?" ఒరిజినల్ ప్రెస్సింగ్ అంటే ఆ ఆల్బమ్ మొదట వచ్చినప్పుడే అచ్చయిన రికార్డు; టోన్ పోయెట్ అంటే ఆ పాత ఆల్బమ్‌లనే బ్లూ నోట్ మళ్లీ వేసిన వరుస (రీఇష్యూ). మొన్న మళ్లీ ఇదే ప్రశ్న వచ్చింది కాబట్టి ఈసారి వివరంగానే రాస్తున్నాను. నా మొగ్గు కొత్తదాని వైపే. అయితే పాతదా కొత్తదా అని చూసేముందు నేను రెండు సంగతులు చూస్తాను: గాడి కోసింది ఎవరు, ఏ టేపు పెట్టుకుని కోశారు? రికార్డు మధ్యలోని కాగితం లేబుల్ మీద అడ్రసు, అట్ట మందం, రికార్డు బరువు, ఇవన్నీ ఆ తర్వాతే.

1953 నుంచి బ్లూ నోట్‌కు రికార్డింగ్ చేసింది రూడీ వాన్ గెల్డర్. కళ్ల పరీక్షలు చేసే వృత్తిలో ఉంటూనే న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి హాల్లో మైకులు పెట్టి జాజ్ వాద్యకారులను రికార్డు చేసిన మనిషి. 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నారు. మామూలుగా రికార్డింగ్ చేసేవారు ఒకరైతే, టేపు మీదున్నదాన్ని, అచ్చుకు మూలమైన ల్యాకర్ పళ్లెం మీద గాడిగా కోసేవారు ఇంకొకరు. ఇక్కడ రెండు పనులూ ఆయనవే. ఆ గదిలో ఏం వినిపించిందో తెలిసిన మనిషే కటింగ్ మెషీన్ దగ్గరా కూర్చున్నారు. పాత ప్రెస్సింగ్‌కు ఇంత గిరాకీ ఉండటానికి నాకు న్యాయంగా తోచే కారణం ఇదే.

మరి ఆయన ఎలా కోసేవారు? గట్టిగా. ఆనాటి ఇళ్లలోని చవక ప్లేయర్ల మీద ముల్లు ఎగిరిపడకుండా లోతైన బేస్‌ను కాస్త తగ్గించి, ట్రంపెట్, శాక్సఫోన్, స్నేర్ డ్రమ్ పలికే మధ్యస్థాయిని ముందుకు తెచ్చి, ఎక్కువ వాల్యూమ్‌లో కోసేవారు. ముల్లు పెట్టగానే లీ మోర్గాన్ మన ఎదురుగా నిలబడి ట్రంపెట్ ఊదుతున్నట్టే ఉంటుంది. ఆ ఊపు అచ్చంగా అలాగే ఏ రీఇష్యూలోనూ నాకు దొరకలేదు. కానీ అదే రికార్డులో డబుల్ బేస్ కింది స్వరాలు సన్నబడిపోతాయి. పియానో కూడా పెట్టెలో పెట్టి మూసినట్టుంటుంది. పియానో విషయంలో తప్పు చాలావరకు రికార్డింగుదే, ఏ రీఇష్యూ దాన్ని పూర్తిగా సరిచెయ్యలేదు. బేస్ సంగతి అలా కాదు, టేపులో నిండుగా ఉంది.

టోన్ పోయెట్ వరుస పట్టుకున్నది సరిగ్గా అక్కడే. బ్లూ నోట్‌కు 80 ఏళ్లు నిండిన సందర్భంగా 2019లో మొదలుపెట్టారు. నిర్మాత జో హార్లీ, గాడి కోసేది కెవిన్ గ్రే. ఒరిజినల్ మాస్టర్ టేపు నుంచి నేరుగా, మధ్యలో డిజిటల్ అన్నది తగలకుండా కోస్తారు. ప్రెస్సింగ్ కాలిఫోర్నియాలోని ఆర్‌టీఐ అనే రికార్డుల ఫ్యాక్టరీలో. ఈ రోజుల్లో మంచి టోన్ఆర్మ్ ఉన్న ప్లేయర్ మీద ముల్లు ఎగిరిపోతుందన్న భయం లేదు కాబట్టి గ్రే బేస్‌ను ఉన్నదున్నట్టు వదిలేశారు. వింటుంటే బేస్ వాయించేవాడి వేలు తీగను లాగి వదలడం కూడా తెలుస్తుంది. సింబల్ మీద కర్ర పడ్డాక ఆ మోత గదిలో తేలి తేలి ఆరిపోయేదాకా వినిపిస్తుంది. పైగా మడత అట్ట లోపల ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఆ సెషన్లలో తీసిన ఫొటోలు పెద్దవిగా వేశారు. 1939లో నాజీ జర్మనీ నుంచి తప్పించుకుని న్యూయార్క్ చేరి, చిన్ననాటి స్నేహితుడు ఆల్‌ఫ్రెడ్ లయన్‌తో కలిసి ఈ కంపెనీని నడిపిన మనిషి ఆయన. ఆ ఫొటోలకు అంత చోటు ఇచ్చినందుకే ఈ వరుస మీద నాకు గౌరవం.

అయినా పాతదే కావాలంటారా? అయితే రికార్డును లైటు కింద ఏటవాలుగా పట్టుకోండి. ఆఖరి పాట అయ్యాక, లేబుల్‌కు ముందు, నున్నటి పట్టీ ఒకటి ఉంటుంది. అక్కడ వెతకాల్సినవి రెండు. ఒకటి ఆర్‌వీజీ అనో వాన్ గెల్డర్ అనో ఉండే ముద్ర. ఇది గాడి కోసిన మనిషి గుర్తు. రెండోది చేతిరాతలో పి అక్షరం, చూడ్డానికి చెవిలా ఉంటుంది. ఇది రికార్డును అచ్చొత్తిన ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ గుర్తు. వేలంపాటల్లో అందరూ చెవి కోసమే ఎగబడతారు. నన్నడిగితే ధ్వనికి సంబంధించినంతవరకు మొదటి గుర్తే అసలైనది.

ఈ రెండు గుర్తులూ విడిపోవడం వెనక కథ తెలిస్తే డబ్బు మిగులుతుంది. 1964లో వచ్చిన లీ మోర్గాన్ ‘ద సైడ్‌వైండర్’ అనుకోని హిట్టయ్యింది. అలాంటిదే ఇంకోటి, ఇంకోటి అంటూ డిస్ట్రిబ్యూటర్లు వెంటపడ్డారు. చిన్న కంపెనీకి హిట్టే టెన్షన్ అయింది. 1960ల మధ్యలో లయన్, వుల్ఫ్ కంపెనీని లిబర్టీ అనే రికార్డు కంపెనీకి అమ్మేశారు. 1967లో లయన్ తప్పుకున్నారు. అమ్మకంతో ప్లాస్టిలైట్ పని ఆగిపోయింది కాబట్టి ఆ తర్వాతి ప్రెస్సింగుల మీద చెవి ఉండదు. కానీ చాలా ఆల్బమ్‌లకు వాన్ గెల్డర్ కోసిన గాళ్లనే వాడుకున్నారు. అంటే లిబర్టీ లేబుల్ ఉండి పట్టీలో ఆయన ముద్ర ఉంటే, కటింగ్ అదే, ధర మాత్రం ఎంతో తక్కువ. ఇంకో మెలిక: అమ్మకానికి ముందు అచ్చేసి మిగిలిపోయిన న్యూయార్క్ అడ్రసు లేబుళ్లను కూడా లిబర్టీ వాళ్లు అంటించి వాడేశారు. అలాంటివాటిని ఒరిజినల్ పేరుతో, ఒరిజినల్ ధరకే అమ్మేవాళ్లున్నారు. చెవి చూడాల్సిన అవసరం అక్కడ వస్తుంది.

పాతవాటికి అరుగుదల బాధ ఎలాగూ తప్పదు. ఆనాటి బరువైన ఆర్మ్‌ల కింద నలిగిన గాడి కంటికి కనబడదు. అద్దంలా మెరిసే రికార్డు కూడా ట్రంపెట్ పై స్థాయికి ఎక్కగానే గరగరలాడొచ్చు. ఫొటో చూసి కొనకండి. కనీసం ఒక వైపు ఆఖరి పాటైనా వినిపించమని అడగండి, ఎందుకంటే లోపలి గాళ్లలోనే అరుగుదల ముందు బయటపడుతుంది.

మోనోనా (ధ్వనంతా ఒకే చానెల్‌లో), స్టీరియోనా (ఎడమ, కుడి రెండు చానెళ్లు) అని కూడా అడుగుతుంటారు. హ్యాకెన్‌సాక్ రోజుల్లో లయన్, వాన్ గెల్డర్ ఇద్దరూ మోనోలోనే విని తీర్పు చెప్పుకునేవారు. 1957, 58లలో కొంతకాలం మోనోకు వేరే టేపు, స్టీరియోకు వేరే టేపు నడిచాయి. ఆ తర్వాత స్టీరియో టేపు ఒక్కటే. 1960ల మోనో రికార్డంటే ఆ రెండు చానెళ్లను కలిపి కోసిందే. కాబట్టి 1950ల ఆల్బమ్‌కైతే మోనో వెతకడంలో అర్థం ఉంది, 1960ల మోనోకు ఎక్కువ డబ్బు పోయను. శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ ‘బ్లూ ట్రైన్’ 1957 సెప్టెంబరులో రికార్డయింది. 2022లో టోన్ పోయెట్ వాళ్లు దాన్ని మోనోలోనూ స్టీరియోలోనూ విడివిడిగా తెచ్చారు. నేనైతే మోనో తీసుకుంటాను.

ఇక బ్లూ నోట్ వాళ్లదే ఇంకో రీఇష్యూ వరుస, క్లాసిక్ వినైల్ సంగతి. గాడి కోసేది ఇక్కడా కెవిన్ గ్రేనే, అనలాగ్ టేపు ఉన్నచోట దాని నుంచే. ప్రెస్సింగ్ జర్మనీలోని ఆప్టిమల్ ఫ్యాక్టరీలో, అట్ట మామూలుది, ధర తక్కువ. నేను పెట్టిన కొలత ప్రకారం చూస్తే దీనికీ టోన్ పోయెట్‌కూ ధ్వనిలో పెద్ద తేడా ఉండకూడదు, వింటే నిజంగానే లేదు. మీకు కావలసిన ఆల్బమ్ ఈ వరుసలో ఉంటే మడత అట్ట కోసం ఆగకండి. ఆ మిగిలిన డబ్బుతో ఇంకో రికార్డు వస్తుంది.

జపాన్‌లో కింగ్ కంపెనీ 1977 నుంచి 1983 వరకు వేసినవి గరగర లేకుండా నిశ్శబ్దంగా ఉంటాయి, అట్టలు ముద్దొస్తాయి. కానీ కాపీ టేపుల నుంచి కోసినవి. చవకగా దొరికితే సరే. మ్యూజిక్ మ్యాటర్స్ అనే రీఇష్యూ కంపెనీ వాళ్ల 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు తిరిగే) డబుల్ రికార్డులు బాగుంటాయి, ఇప్పుడు వాటి ధరలూ పాతవాటిలాగే పైకెక్కాయి.

చివరగా, ఆ రోజుల్లో రికార్డయి పెట్టెల్లోనే ఉండిపోయిన ఆల్బమ్‌లు కొన్ని ఉన్నాయి. శాక్సఫోన్ వాద్యకారుడు వేన్ షార్టర్ ‘ఎట్‌సెట్రా’ 1965 నాటిది, 1980లో గానీ బయటికి రాలేదు. అలాంటి ఆల్బమ్ మొదటి ప్రెస్సింగ్ కోసం తిరిగినా చెవీ దొరకదు, 1960ల నాటి వాన్ గెల్డర్ కటింగూ దొరకదు. టోన్ పోయెట్‌లో అది 2019లోనే వచ్చింది. అక్కడ రెండో ఆలోచన లేకుండా కొత్తదే తీసుకోండి.