సంక్రాంతి రద్దీలో కోనసీమ ప్రయాణం: బండి కంటే ముందు డ్రైవర్ని చూసుకోండి

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోనసీమ వెళ్ళేవాళ్ళు రిసార్టుల గురించి, రేట్ల గురించి బాగానే వాకబు చేస్తారు గానీ బండి నడిపే మనిషి గురించి ఎవరూ పెద్దగా అడగరు. మేం ఈసారి అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకుని వెళ్ళొచ్చాం. గదులు, తిండి, చూసినవి అన్నీ చెప్తాను, కానీ ముందు బండి సంగతే చెప్పాలి, ఎందుకంటే విజయవాడ హైవే మీద కొర్లపహాడ్ టోల్ దాటాక ఏం జరిగిందో చూశాక మిగతావన్నీ నాకు చిన్న విషయాలైపోయాయి.

రైలు టికెట్లు దొరకలేదు. ప్రైవేటు బస్సుల రేట్లు పండగ ముందు ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే, పైగా నాన్నకి మోకాళ్ళ నొప్పులు, స్లీపర్‌లో పై బెర్తు ఎక్కలేరు. అందుకని ఇన్నోవా మాట్లాడుకుందామనుకున్నాం. మొదట ఫోన్ చేసిన ఏజెన్సీ వాళ్ళు అందరికంటే తక్కువ చెప్పారు. డ్రైవర్ ముందు రోజు ఎక్కడుంటాడని అడిగితే, తిరుపతి ట్రిప్పు ముగించుకుని రాత్రి రెండింటికి వస్తాడు, నాలుగింటికల్లా మీ ఇంటి ముందుంటాడు అని భరోసాగా చెప్పారు. వద్దన్నాను. తర్వాత తెలిసినవాళ్ళ ద్వారా సొంత బండి నడుపుకునే ఒకాయన దొరికాడు, నకిరేకల్ వైపు మనిషి. ఆయన రేటు చెప్పేముందే, "ముందు రోజు బండి తియ్యనన్నా, ఇంట్ల పండుకుంట. ఆ రోజు కిరాయి పోతది కాబట్టి జర ఎక్కువ చెప్తున్న" అన్నాడు. ఆ ముక్కతోనే ఖాయం చేసేశాను.

ఎల్బీ నగర్ దాటేసరికే తెల్లవారుజామున కూడా రోడ్డు నిండిపోయి ఉంది. పంతంగి టోల్ దగ్గర ఫాస్టాగ్ ఉన్న బండ్లే బారులు తీరాయి. చిట్యాల, నార్కెట్‌పల్లి, నకిరేకల్ అన్నీ నెమ్మదిగానే గడిచాయి. అసలు ప్రమాదం రద్దీగా పాక్కుంటూ వెళ్ళే చోట కాదు, ఆ రద్దీ కాస్త విడిపోయిన చోట ఉంటుంది. టోల్ గేట్లు చాలా ఉంటాయి, అవన్నీ దాటిన బండ్లు మళ్ళీ రెండు లేన్లలోకే దూరాలి. అక్కడ నిలబడి పోగొట్టుకున్న టైమంతా వెంటనే రాబట్టాలని అందరూ ఒక్కసారే తొక్కుతారు. గంటకి ఎనభై కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. ముందేదో జరిగిందని కంటికి తెలిసి కాలు బ్రేకు మీదకి వెళ్ళడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకున్నా, బ్రేకు పడకముందే 33 మీటర్లు అయిపోతాయి. మరి పండగ రోజుల్లో మన హైవే మీద బండికీ బండికీ మధ్య ఎంత ఖాళీ ఉంటుందో చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

మా డ్రైవరన్న మాత్రం ముందు బండికి బాగా దూరం పెట్టి నడుపుతున్నాడు. ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు దూరుతూనే ఉన్నారు, ఆయన మళ్ళీ కాస్త వెనక్కి తగ్గుతూనే ఉన్నాడు. మా బావమరిదికి ఓపిక నశించి, "అందరూ మనల్ని దాటేసి పోతున్నారు కదా అన్నా" అన్నాడు. "పోనియ్యన్నా, ఆళ్ళు పోతే మనకేం తక్కువైతది" అని, చూపు రోడ్డు మీంచి తిప్పకుండానే జవాబిచ్చాడు.

కొర్లపహాడ్ దాటి సూర్యాపేట వైపు వెళ్తున్నాం. మా ముందు ఒక తెల్ల స్విఫ్ట్, దాని ముందు కంటైనర్ లారీ. ఆయన కొంచెం ఎడమ అంచుకి జరిపి నడుపుతున్నాడు, దానివల్ల స్విఫ్ట్ పక్క నుంచి లారీ వెనక లైట్లు కనిపిస్తున్నాయని నాకు తర్వాత అర్థమైంది. ఆ లారీ బ్రేకు లైట్లు వెలగగానే, స్విఫ్ట్ ఇంకా అదే స్పీడులో ఉండగానే, ఈయన ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి నాలుగు ఇండికేటర్లూ వేసేశాడు. బ్రేకు గట్టిగా తొక్కలేదు, నొక్కుతూ వదులుతూ, నొక్కుతూ వదులుతూ, వెనకవాళ్ళకి మన లైట్లు కొట్టుకుంటూ కనపడాలని. ఇంతలో స్విఫ్ట్ టైర్లు కీచుమన్నాయి. నేను ముందు సీట్లో కూర్చుని ముందుకే చూస్తున్నాను, ఆయన చూపు మాత్రం లోపలి అద్దంలో ఉంది. వెనక ప్రైవేటు బస్సు, ఆపుకోలేని వేగంతో వస్తోంది.

ముందు స్విఫ్ట్ ఆగిపోయింది. మాకు ఆగేంత చోటు ఉంది, కానీ అక్కడే ఆగితే బస్సు మా మీదకి వస్తుంది. ఆయన స్టీరింగ్‌ని ఒక్కసారిగా తిప్పలేదు, బ్రేకు మీంచి కాలు కాస్త తేల్చి, తెల్లగీత దాటించి బండిని ఎడమ పక్క అంచులోకి పూర్తిగా దింపి, ఇంకో రెండు బండ్ల దూరం ముందుకు తీసుకెళ్ళి ఆపాడు. బస్సు కీచుమంటూ వచ్చి, ఇందాక మేం ఉన్న చోట, స్విఫ్ట్ డిక్కీకి జానెడు దూరంలో ఆగింది. ఆ రెండు బండ్ల దూరమే లేకపోతే మా వెనక సీట్లో ఉన్న పిల్లలు... దాని గురించి ఇంకా ఆలోచించలేకపోతున్నాను. బస్సు వెనక రెండు కార్లు మాత్రం ఒకదానికొకటి తగిలాయి, బంపర్లు పగిలాయి, ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

ఆ తర్వాత ఆయన చేసిందే ఇంకా ముఖ్యం. బండి ఆపగానే, "అందరు ఎడమ డోర్ల నుంచి దిగుండ్రి, రెయిలింగ్ అవతలకి పోండ్రి, బండి ముంగట గానీ ఎన్క గానీ నిలవడొద్దు" అన్నాడు. అమ్మ చెప్పులు వెతుక్కుంటుంటే, "చెప్పులు తర్వాత తీస్కుందం అమ్మా" అని చెయ్యి పట్టుకుని దింపాడు. డిక్కీలోంచి ఎర్ర త్రికోణం బోర్డు తీసి రోడ్డు అంచునే వెనక్కి పరిగెత్తి, బస్సు వెనక వంద మీటర్ల దూరం ఉంటుంది, అక్కడ పెట్టి, భుజం మీది తువ్వాలు ఊపుతూ నిలబడ్డాడు. బస్సు డ్రైవర్ కూడా వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాడు. వచ్చే బండ్లు చాలా దూరం నుంచే నెమ్మదించడం మా కళ్ళ ముందే కనిపించింది. వరస గుద్దుళ్ళలో మొదటి దెబ్బతోనే అయిపోదు, ఆగిన బండ్ల మీదకి తర్వాత వచ్చి పడేవీ ప్రాణాలు తీస్తాయని, దిగి రోడ్డు మీద నిలబడి గొడవ పడేవాళ్ళకే ఎక్కువ ప్రమాదమని తర్వాత టీ తాగుతూ చెప్పాడు.

ముందు ఏమైందంటే, ఒక బొలెరో ట్రాలీ మీద కట్టిన టెంటు హౌస్ ప్లాస్టిక్ కుర్చీలు తాడు తెగి రోడ్డంతా పడ్డాయి. నేను 1033కి ఫోన్ చేశాను. నేషనల్ హైవేల మీద ఇరవై నాలుగు గంటలూ పనిచేసే నంబరు ఇది, ఉచితం, పెట్రోలింగ్ బండి, క్రేన్, అంబులెన్స్ అన్నీ దీని ద్వారానే వస్తాయి. కిలోమీటరు రాయి మీద నంబరు చెప్పమన్నారు, కాబట్టి దారిలో ఆ రాళ్ళని చూస్తూ ఉండటం మంచిది. పెట్రోలింగ్ వాళ్ళు త్వరగానే వచ్చి కోన్‌లు పెట్టి దారి తెరిచారు, ఈ సేవకి నేను మంచి మార్కులే వేస్తాను. ఎవరికైనా దెబ్బలు తగిలితే సాయం చెయ్యడానికి భయపడొద్దు, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో సాయం చేసినవాళ్ళని కేసుల్లో ఇరికించకుండా రక్షణ పెట్టారు.

సూర్యాపేటలో ఇడ్లీ, టీ. తిండి మామూలే, టాయిలెట్లు మాత్రం పండగ రద్దీకి చెడిపోయాయి, ఆడవాళ్ళు ఇబ్బంది పడ్డారు.

విజయవాడలో ఆ రాత్రి ఆగుదామని ముందే లాడ్జి బుక్ చేశాం. గదులు శుభ్రంగానే ఉన్నాయి, కానీ డ్రైవర్‌కి పడక లేదు, బండిలోనే పడుకోమన్నారు. కింద సెల్లార్‌లో దోమలు, రాత్రంతా వచ్చిపోయే బండ్ల హారన్లు. పొద్దున్న మా పిల్లల్ని మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టాలి కదా, అందుకని ఆయనకి విడిగా ఇంకో గది తీసుకున్నాం. అద్దె బాధ అనిపించలేదు, ఆ లాడ్జికి మాత్రం మళ్ళీ వెళ్ళను. దిండి దగ్గర గోదావరి గట్టున మేం దిగిన రిసార్ట్‌లో పండగ రేటు ఎక్కువే, వేడినీళ్ళు పొద్దున కాసేపే వచ్చాయి, టిఫిన్ ఆలస్యం. అయినా డ్రైవర్ల కోసం మంచాలు, ఫ్యాన్లు, బాత్రూమ్ ఉన్న పెద్ద గది, వాళ్ళకీ మాతోపాటే భోజనం ఉన్నాయి. ఇంకెవరైనా అడిగితే ఆ ఒక్క కారణంతోనే అక్కడికే వెళ్ళమంటాను.

పాలకొల్లులో దిబ్బరొట్టె చెరకు పానకంతో తినండి, ఆగి తిన్నందుకు ఏమాత్రం చింతించరు. అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం తర్వాత వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి తప్పకుండా వెళ్ళండి. ఈ ప్రయాణం మొత్తం ఒక ఎత్తు, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం (ఊళ్ళ నుంచి శివుడి ప్రభల్ని మోసుకొచ్చే జాతర) ఒక ఎత్తు. వెదుళ్ళు కట్టి రంగురంగుల బట్టలతో అలంకరించిన అంత పెద్ద ప్రభల్ని ఎత్తుకుని, పచ్చటి వరిచేలల్లోంచి, గుండెలోతు కాలవ నీళ్ళల్లోంచి, జనం భుజాల మీద మోసుకొస్తుంటే నాన్న చెయ్యెత్తి దణ్ణం పెడుతూ అలా నిలబడిపోయారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీలో తిరిగింది ఈ తీర్థమే. బండ్లని చాలా దూరంలోనే ఆపేస్తారు, పెద్దవాళ్ళు ఉంటే ఉదయమే చేరుకుని తోటలో నీడ చూసుకోవాలి.

తిరుగు ప్రయాణంలో విజయవాడ రద్దీ వద్దని, తాడేపల్లిగూడెం నుంచి జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట, సత్తుపల్లి మీదుగా ఖమ్మం వచ్చాం. దారి డ్రైవరన్న చెప్పిందే. అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటల మధ్య చక్కటి ప్రయాణం, ఖమ్మం నుంచి సూర్యాపేట దాకా నాలుగు వరసల రోడ్డు. కాకపోతే సత్తుపల్లి వైపు రెండు వరసలే, మధ్యలో డివైడర్ ఉండదు, పశువులు అడ్డొస్తాయి, కాబట్టి పగలే దాటేలా బయల్దేరండి.