డాలస్ నుంచి షార్లెట్‌కి పిస్టల్: పార్సిల్ చేయాలా, విమానమా, కారా?

మా బావమరిది డాలస్‌లో ఇల్లు ఖాళీ చేసి నార్త్ కరోలినాలోని షార్లెట్‌కి మారుతున్నాడు. ట్రక్కు రావడానికి వారం ముందు ఫోన్ చేసి, "బావా, ఈ పిస్టల్ సంగతేంటి? మూవర్స్ వాళ్ళు తుపాకీ మాత్రం ఎక్కించుకోం అంటున్నారు. పార్సిల్ కొట్టేస్తే పోలేదా?" అన్నాడు. బట్టల పార్సిల్‌లా అయిపోతుందనుకున్నాడు పాపం.

వాడికి గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఈ లెక్కలు వేసుకోవచ్చు. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్ళకు అసలు సమస్య పంపడం కాదు, దగ్గర ఉంచుకోవడమే. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఫ్రెండ్స్‌తో కలిసి సరదాగా కొనేసినవాళ్ళు ముందు లాయర్‌ని కలవండి.

ఇక పార్సిల్. పిస్టల్‌ను పోస్టులో పంపకూడదని 1927లోనే చట్టం చేశారు. దాని మీద ఇప్పుడు కేసులూ వాదనలూ నడుస్తున్నాయి, అయినా మామూలు మనిషి దాన్ని నమ్ముకుని పోస్టాఫీసు కౌంటర్ దగ్గర నిలబడటం నాకైతే నచ్చదు. రైఫిల్, షాట్‌గన్‌లకు ఆ నిషేధం లేదు. యూపీఎస్, ఫెడెక్స్ అయితే లైసెన్సున్న డీలర్ల నుంచే తుపాకులు తీసుకుంటామని రూలు పెట్టుకున్నాయి. అంటే మనం డాలస్‌లో ఒక గన్ షాపుకి ఇస్తే, వాళ్ళు షార్లెట్‌లోని మరో షాపుకి పంపాలి. అక్కడ ఫారం 4473 అనే ఫెడరల్ పత్రం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక మన తుపాకీని మనమే మళ్ళీ తెచ్చుకోవాలి! పంపే షాపు ప్యాకింగూ షిప్పింగూ కలిపి 50 నుంచి 100 డాలర్ల పైమాటే తీసుకుంటుంది. అందుకునే షాపు మరో 25 నుంచి 50. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్ళకు అమ్ముతుంటే ఈ దారి తప్పదు. 1968 నాటి చట్టం ప్రకారం అక్కడి డీలర్ ద్వారానే చేతులు మారాలి. కానీ మన సొంత తుపాకీతో ఇల్లు మారుతున్నప్పుడు ఇంత ఖర్చు దండగ.

విమానం దీనికన్నా చవక. చాలా ఎయిర్‌లైన్స్ మామూలు చెకిన్ బ్యాగ్ ఫీజే తీసుకుంటాయి. తూటాలు తీసేసి, గట్టి పెట్టెలో పెట్టి, తాళం వేసి, టికెట్ కౌంటర్‌లో నోరు విప్పి చెప్పాలి. తాళంచెవి మన దగ్గరే ఉంటుంది. తూటాలకు సరైన డబ్బా కావాలి, బరువు సాధారణంగా 11 పౌండ్ల లోపే ఉండాలి. పొరపాటున హ్యాండ్ లగేజీలో ఉండిపోయిందా, ఇక అయిపోయినట్టే. 2023లో ఎయిర్‌పోర్టు చెకింగ్‌లో అలా దొరికినవి 6,737, వాటిలో చాలావరకు తూటాలు నింపి ఉన్నవే.

అయితే మధ్యలో ఎక్కడ దిగుతామన్నదే అసలు టెన్షన్. 2005లో యూటా మనిషి ఒకాయన న్యూజెర్సీలోని నెవార్క్ మీదుగా పెన్సిల్వేనియాకి బయల్దేరాడు. కనెక్షన్ తప్పింది, బ్యాగు చేతికొచ్చింది, రాత్రి హోటల్లో పడుకున్నాడు. పొద్దున్నే ఎయిర్‌పోర్టుకొచ్చి రూల్ ప్రకారం "నా బ్యాగులో తుపాకీ ఉంది" అని తానే చెప్పాడు. న్యూజెర్సీ పర్మిట్ లేదని అరెస్టు చేశారు, కొన్ని రోజులు జైల్లో పెట్టారు. తర్వాత కేసు కొట్టేసినా, ఆయన వేసిన దావాలో 2010లో అప్పీల్ కోర్టు ఆయన పక్షాన నిలబడలేదు. రాత్రంతా బ్యాగు అందుబాటులో ఉంది కాబట్టి తుపాకీతో రాష్ట్రాలు దాటే ప్రయాణికులకు రక్షణ ఇచ్చే 1986 నాటి ఫెడరల్ చట్టం వర్తించదంది. నిజం చెప్పినందుకు జైలా అనిపిస్తుంది గానీ, చట్టంలో రాసింది అదే. అందుకే విమానమైతే నాన్‌స్టాప్ ఎక్కండి, చవక టికెట్ కోసం నెవార్క్, న్యూయార్క్ మీదుగా వద్దు.

మా వాడికి మాత్రం కారే మేలన్నాను. ఎలాగూ కారు తీసుకెళ్ళాలి కదా, పైసా అదనపు ఖర్చు లేదు. ఐ-20 హైవే మీద అట్లాంటా దాకా, అక్కణ్ణుంచి ఐ-85, దారిలో న్యూజెర్సీ లాంటి రాష్ట్రమేదీ తగలదు. ఇందాక చెప్పిన 1986 చట్టం ప్రకారం బయల్దేరే చోటా చేరే చోటా మన దగ్గర ఉండటం చట్టబద్ధమైతే, మధ్య రాష్ట్రాల గుండా తీసుకెళ్ళవచ్చు. తూటాలు నింపకూడదు, చేతికి అందే చోట ఉండకూడదు. అదే కాలిఫోర్నియాకి మారేవాళ్ళయితే, చేరాక 60 రోజుల్లో రాష్ట్రానికి తెలియజేయాలి, అక్కడి మ్యాగజైన్ (తుపాకీలో తూటాలు నింపే డబ్బీ) పరిమితులూ వేరు.

"అయితే గ్లవ్ బాక్స్‌లో పడేస్తా" అన్నాడు మా వాడు. వాడిది ఎస్‌యూవీ, విడిగా డిక్కీ లేదు. అలాంటి బండికి తాళం వేసిన పెట్టె కావాలనీ, గ్లవ్ బాక్సూ సీట్ల మధ్య కన్సోలూ పనికిరావనీ ఆ చట్టమే పేరు పెట్టి మరీ చెప్పింది. సాయంత్రమే వెళ్ళి తాళం పెట్టె కొన్నాడు. అది ఇప్పుడు బండి వెనకాల, గ్రైండరు అట్టపెట్టె కింద ఉంది. తియ్యాలంటే ముందు గ్రైండర్ దించాలి.